ఈసీజీ ఇమేజింగ్‌లో ‘రెగ్యులరైజేషన్ టూల్స్’: చాలాకాలం వాడాక నా సమీక్ష

ఛాతీ చుట్టూ అంటించిన ఎలక్ట్రోడ్ల వోల్టేజీల నుంచి గుండె ఉపరితలం మీది పొటెన్షియళ్లను లెక్కగట్టే ఈసీజీ ఇమేజింగ్ పనికి, డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన పెర్ క్రిస్టియన్ హాన్సెన్ 1994లో ప్రచురించిన ‘రెగ్యులరైజేషన్ టూల్స్’ అనే మాట్‌ల్యాబ్ (గణిత లెక్కల సాఫ్ట్‌వేర్) ప్యాకేజీని ఏళ్ల తరబడి వాడుతున్నాను. ఇది గుండె కోసం రాసింది కాదు. దీంతోపాటు వచ్చే నమూనా సమస్యల్లో ఉష్ణప్రసారం ఉంది, గురుత్వాకర్షణ ఉంది, ఈసీజీ మాత్రం లేదు.

చాలామంది దీన్ని టిఖోనోవ్ పరిష్కారం (కొలతలకు సరిపోతూనే, నాయిజ్‌ అంటే అనవసర సంకేతం వల్ల ఉబ్బిపోకుండా అదుపులో ఉంచిన జవాబు) కోసమే తెచ్చుకుంటారు. నాకు అంతకన్నా ఎక్కువ అక్కరకొచ్చింది ‘పికార్డ్’ అనే చిన్న ఫంక్షన్. గుండెకూ ఛాతీకీ మధ్య ఉన్న కణజాలం సంకేతంలోని సూక్ష్మ వివరాలను చెరిపేస్తుంది కనుక, గుండె పొటెన్షియళ్లకూ ఛాతీ వోల్టేజీలకూ ఉన్న సంబంధాన్ని తెలిపే మాత్రిక సింగ్యులర్ విలువలు (గుండె మీది ఒక్కో నమూనా ఛాతీ దాకా ఎంత బలంగా చేరుతుందో చెప్పే సంఖ్యలు) వేగంగా పడిపోతాయి. కొలతల్లోని గుణకాలు (కొలతల్లో ఒక్కో నమూనా పాలు) కూడా వాటితోపాటే తగ్గుతూ వచ్చి, ఒకచోట నాయిజ్ మట్టానికి చేరి అక్కడే ఆగిపోతాయి. పికార్డ్ ఈ రెంటినీ ఒకే గ్రాఫులో గీస్తుంది. ఆ మట్టానికి పైన ఉన్నంతవరకే మనకు దక్కే సమాచారం. ప్రతి ఎలక్ట్రోడ్‌కూ చర్మంతో ఏర్పడే స్థిర వోల్టేజీ వేరువేరుగా ఉండడం వల్ల, బేస్‌లైన్ సరిచేయని రికార్డింగ్‌లో ఈ మట్టం బాగా పైకి లేచి ఉంటుంది. పీ తరంగానికి (గుండె పైగదులు ఉత్తేజమయ్యేటప్పటి తరంగానికి) ముందరి నిశ్చల భాగాన్ని సున్నాగా తీసుకుని సరిచేశాక అది దిగడం, మరికొన్ని గుణకాలు పైకి తేలడం గ్రాఫులో కంటికి కనిపిస్తుంది. అందుకే ఇప్పుడు ఏ ఫిల్టర్ మార్చినా ముందు ఈ గ్రాఫే గీసి చూస్తాను.

అయితే దీనికి తెలియనివీ ఉన్నాయి. 50 హెర్ట్జ్ కరెంటు హమ్‌ను తొలగించే ఇరుకైన నాచ్ ఫిల్టర్, నిటారైన క్యూఆర్ఎస్ (గుండె కింది గదులు ఉత్తేజమయ్యేటప్పటి తరంగం) పక్కన చిన్న అలలను వదులుతుంది. ఆ అలలు అన్ని ఎలక్ట్రోడ్లలోనూ గుండె సంకేతం పోలికతోనే పుడతాయి కాబట్టి పికార్డ్ గ్రాఫు వాటిని నాయిజ్‌గా పట్టుకోలేదు. పునర్నిర్మించిన ఎలక్ట్రోగ్రాముల్లో (గుండె ఉపరితలం మీది సంకేతాల్లో) మాత్రం అవి ఆలస్యంగా వచ్చిన ఉత్తేజంలా కనిపించి, గరిష్ఠ ప్రతికూల వాలుతో ఉత్తేజ సమయాన్ని గుర్తించేవారిని తప్పుదారి పట్టిస్తాయి. హమ్ స్వల్పంగానే ఉన్నప్పుడు నాచ్ మానేసి, పదహారు బీట్లు సగటు తీసి, యాదృచ్ఛిక నాయిజ్‌ను నాలుగో వంతుకు తగ్గించడమే మేలని నా అభిప్రాయం. శ్వాసతో గుండె కదులుతుంది కనుక ఒకే శ్వాసదశకు చెందిన బీట్లనే ఎంచుకోవాలి.

ఎల్-కర్వ్ (టిఖోనోవ్‌లో అదుపు ఎంత ఉండాలో చెప్పే లాంబ్డా విలువను దాని మూల దగ్గర ఎంచుకునే గ్రాఫు) విషయంలో ఓపిక కావాలి. క్యూఆర్ఎస్ మధ్యలో మూల చక్కగా తేలుతుంది కానీ, సంకేతం దాదాపు సున్నాగా ఉన్న క్షణాల్లో మూలే ఉండదు, లాంబ్డా ఎటో గెంతుతుంది. క్షణానికొక లాంబ్డా వాడితే పటం మినుకుమినుకుమంటుంది. అందుకే నేను క్యూఆర్ఎస్‌లో వచ్చిన విలువల మధ్యస్థాన్ని బీట్ మొత్తానికీ వాడతాను. టిఖోనోవ్ ఫంక్షన్ ఒక్కో క్షణపు కొలతలనే తీసుకుంటుంది కాబట్టి లూప్ మనమే రాసుకోవాలి, అయితే సింగ్యులర్ విభజన (మాత్రిక నుంచి సింగ్యులర్ విలువలను రాబట్టే లెక్క) ఒక్కసారి చేస్తే సరిపోతుంది కనుక వేగానికి లోటు లేదు. ఊడిపోయిన ఎలక్ట్రోడ్ ఉంటే మాత్రం పొరుగువాటి సగటుతో దాన్ని పూడ్చకుండా, మాత్రికలో ఆ వరుసనే తీసేసి విభజన మళ్లీ చేస్తాను.