కుళాయి నీళ్లలోనే నైట్రేట్ ఉంటే: ఆర్వోనా, మనీ ప్లాంటా?

మధురవాడ వైపు బోరు నీళ్లతో అక్వేరియం నింపేవాళ్లు ముందు ఆ నీళ్లనే టెస్ట్ కిట్‌తో చూడాలి. లీటరుకు 40 మిల్లీగ్రాముల నైట్రేట్ (ఎక్కువైతే చేపలకు హాని చేసే లవణం) అందులోనే ఉంటే, ఎన్నిసార్లు నీళ్లు మార్చినా అంతకన్నా తగ్గదు. మరిగిస్తే ఇంకా పెరుగుతుంది. తగ్గించడానికి రెండు దారులు: నీళ్లను ఆర్వో మెషీన్‌లో వడకట్టడం, లేదా నైట్రేట్‌ను వేళ్లతో పీల్చుకునే మనీ ప్లాంట్‌ను అక్వేరియంలో పెట్టడం.

ఖర్చు: ఆర్వో మెషీన్ వేలల్లో. మనీ ప్లాంట్ కొమ్మ పక్కింట్లో అడిగితే ఇస్తారు.

శ్రమ: ఆర్వోకి బకెట్లు మోయాలి. పైగా లీటరు నీళ్లకు రెండు మూడు లీటర్లు వృథా. వైజాగ్ ఎండాకాలంలో అలా పారబోయడానికి మనసొప్పదు. మొక్కకైతే వేళ్లు నీళ్లలో, ఆకులు బయట ఉంటే చాలు.

రిస్క్: ఆర్వోలో ఖనిజాలూ పోతాయి కాబట్టి కుళాయి నీళ్లతో సగం సగం కలపాలి, అప్పుడు 40 కాస్తా 20 దగ్గరికొస్తుంది. మొక్క పని నెమ్మది, గోల్డ్‌ఫిష్ ఉంటే వేళ్లు కొరికేస్తుంది.

నాలుగు గప్పీ చేపలకు మొక్క చాలు. డిస్కస్ లాంటి సున్నితమైన చేపలు పెంచుతుంటే ఆర్వోనే.