ఎలకమందు మాత్రా, కొత్త మాత్రా? కాలిలో గడ్డ కట్టినవాళ్ళకు ఏది మేలు

నాకు కాల్లో రక్తం గడ్డ కట్టిందని తెలిసి మా బావమరిది రాయగడ నుంచి ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "ఏటి బావా, నీకూ ఎలకమందే రాసేరా?" ఎనిమిదేళ్ళుగా వాడు మింగేది అదే. వాడి గుండెలో లోహపు కవాటం ఉంది. నా కథ వేరు. స్కూటర్ మీంచి పడి చీలమండ విరిగితే ఆరు వారాలు కట్టు వేశారు. విప్పిన వారానికి ఎడమ పిక్క గట్టిపడి, వేడెక్కి, కుడికాలి కన్నా లావైంది. కట్టు వాపే అనుకుని రెండు రోజులు కొబ్బరినూనె రాయించి పిసికించుకున్నాను. చేయకూడని పని అది. డాప్లర్ స్కాన్ తీస్తే మోకాలి వెనక దాకా లోపలి సిరలో గడ్డ ఉంది. అది తెగి ఊపిరితిత్తులకు పోతే ఆయాసం, గుండెనొప్పి, ఒక్కోసారి ప్రాణమే పోతుందని డాక్టరు చెప్పాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వాడు ఎలకమందు అనడం ఉత్త వెటకారం కాదు. 1920ల్లో అమెరికా, కెనడాల్లో పాడైపోయిన గడ్డి తిన్న పశువులు రక్తం ఆగక చచ్చిపోయాయి. కారణం వెతుకుతూ వెళ్ళిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళకు ఆ రసాయనం, దాన్నుంచి వార్ఫరిన్ చిక్కాయి. 1948లో ఎలుకల్ని చంపడానికి అమ్మారు, 1954లో మనుషులకు మందుగా అనుమతించారు, మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఇచ్చారు. మన దగ్గర దాని చెల్లెలు లాంటి అసెనోకుమరాల్ కూడా బాగా రాస్తారు. నాకు మొదట రాసింది అదే. కొత్తవి రివరోక్సబాన్, అపిక్సబాన్, డబిగాట్రాన్. అన్నిటినీ జనం రక్తం పలచబడే మాత్రలే అంటారు గానీ, నిజానికి రక్తం పలచబడదు, గడ్డ కట్టే పనికి అడ్డం పడుతుంది. ఉన్న గడ్డను ఒళ్ళే మెల్లగా కరిగించుకోవాలి, మాత్ర చేసేది అది పెరగకుండా చూడడం.

నేను రెండు రకాలూ వాడాను, రెండేసి నెలలు. అందుకే ఈ పోలిక.

పాత మాత్ర వెంటనే పని చేయదు. అందుకని కనీసం అయిదు రోజులు పొట్ట చర్మం కింద హెపారిన్ జాతి ఇంజెక్షన్ కూడా పొడుస్తారు. నాకు ఏడు రోజులు పొడిచారు, పొట్టంతా నీలం మచ్చలు. రివరోక్సబాన్, అపిక్సబాన్ అయితే మొదటి రోజు నుంచే మాత్రతో నడిపించవచ్చు, కాకపోతే మొదట్లో మోతాదు ఎక్కువ. రివరోక్సబాన్ 21 రోజులు పూటకు 15 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు, తర్వాత రోజుకు ఒకటే 20. ఆ మారే రోజు చాలామంది మర్చిపోతారు. క్యాలెండర్లో ఎర్రగా గుండ్రం చుట్టాలి.

అసలు తేడా ఐఎన్‌ఆర్ దగ్గర ఉంది, అంటే రక్తం గడ్డ కట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె. పాత మాత్ర వాడేవాళ్ళ బతుకంతా ఆ అంకె చుట్టూ తిరుగుతుంది. మామూలు మనిషికి 1 దగ్గర ఉంటుంది, కాలి గడ్డకు 2 నుంచి 3 మధ్య ఉంచాలి. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం. మొదట్లో వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి, కుదిరాక నెలకోసారి పరీక్ష. పర్లాకిమిడిలో మాకు ల్యాబుకు లోటు లేదు, పక్కనే పాతపట్నం కూడా ఉంది. అయినా పొద్దున రక్తం ఇస్తే సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు, దాన్ని డాక్టరుకు పంపి, "సోమ, బుధ, శుక్రవారాలు 2 మిల్లీగ్రాములు, మిగతా రోజులు 3" అన్న లెక్క రాసుకోవడం. మాత్రను సగం, పావు చేసి ముక్కలు డబ్బాలో దాచడం. ఒక సంగతి చాలామందికి తెలియదు: నీలం మూత గొట్టంలో గీత దాకా రక్తం పడకపోతే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి నాకు అలాగే జరిగి, ఉత్తినే మాత్ర ఆపించుకున్నాను. అప్పటి నుంచి సూది గుచ్చేవాడి చేతిలోని గొట్టం మీదే నా కళ్ళు.

తర్వాత ఆకుకూరలు. పాత మాత్ర విటమిన్ కె పనికి అడ్డుపడుతుంది, ఆకుకూరల్లో ఉండేది అదే. ఇక్కడ మా ఇంట్లో తోటకూర, మునగాకు లేకుండా వారం గడవదు. పక్కింటి ఒడియా వాళ్ళయితే పఖాళ (చద్దన్నం) పక్కన శాగొ (ఆకుకూర) వేపుడు తప్పనిసరి. "ఆకుకూర పూర్తిగా మానేయండి" అని ఒకాయన సలహా ఇచ్చాడు. అది పొరపాటు సలహా. మానక్కర్లేదు, వారం వారం ఒకే పాళ్ళలో తినాలి. నెలంతా మానేసి పెళ్ళిలో ఒక్కసారిగా తింటేనే అంకె కిందికి జారేది. కొత్త మాత్రకు ఈ గొడవ లేదు. కానీ దానికి ఇంకో గొడవ ఉంది: రివరోక్సబాన్ 15, 20 మోతాదులు అన్నంతో వేసుకుంటేనే ఒంటికి సరిగ్గా పడతాయి. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి ఖాళీ కడుపున మింగితే చాలావరకు ఒంటికి పట్టకుండా దండగే. మా ఆవిడతో వాదించి నేను ఉపవాసాలు మానేశాను, దేవుడు అర్థం చేసుకుంటాడు.

నన్ను మార్పించింది మాత్రం ఒక విరేచనాల రోజు. ఒక క్లినిక్‌లో, నేను వాడే మాత్ర సంగతి అడక్కుండా, నేనూ చెప్పకుండా, మెట్రోనిడజోల్ రాశారు. నాలుగో రోజు పళ్ళు తోముకుంటుంటే ఉమ్మి ఎర్రగా పడింది. పరీక్ష చేయిస్తే ఐఎన్‌ఆర్ 5 దాటింది. రెండు రోజులు మాత్ర ఆపి మళ్ళీ చూపించుకుంటే దిగింది. డాక్టరు, "మీ కిడ్నీలు బాగున్నాయి, గడ్డకు కారణం కాలికి వేసిన కట్టే, ఇంకో రెండు నెలల కోసం ఈ యాతన ఎందుకు" అని, ఐఎన్‌ఆర్ తగ్గేదాకా ఆగి, కొత్తది మొదలుపెట్టించారు. ఎవరికి వారే మార్చుకునే పని కాదది. కొత్తదానికి కూడా పడని మందులున్నాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ దాని బలాన్ని తగ్గించేస్తాయి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఏ రకం వాడేవాళ్ళకైనా రక్తస్రావం ముప్పు పెంచుతాయి. ఒళ్ళు నొప్పులకు మందుల కొట్లో చేయి చాచే అలవాటు మానుకోవాలి.

ధర మాటకొస్తే, స్ట్రిప్పు పక్కన స్ట్రిప్పు పెట్టి చూస్తే పాతదే చవక. కానీ పరీక్షలు, ఆటో, పోయిన పనిరోజు కలిపితే నా విషయంలో తేడా చాలావరకు కరిగిపోయింది. పేటెంట్లు తీరి మన కంపెనీలు చాలా తయారుచేస్తున్నాక కొత్తవాటి ధర కూడా దిగింది. ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో నిరామయ అనే ఉచిత మందుల కౌంటరు ఉంటుంది, ఏ మాత్ర ఉచితంగా దొరుకుతుందో అడిగి, ఆ తర్వాతే చీటీ రాయించుకోవడం మంచిది.

ఇక మర్చిపోవడం. పాత మాత్ర ప్రభావం ఒంట్లో కొన్ని రోజులు నిలుస్తుంది. ఒక పూట తప్పినా కొంప మునగదు. కొత్తది రోజులోనే దిగిపోతుంది. తప్పితే ఆ రోజు కాపలా లేనట్టే. పన్ను పీకించుకోవడానికో ఆపరేషన్‌కో ఆపాల్సి వస్తే అదే గుణం మేలవుతుంది. రక్తం ఆగకపోతే పాతదానికి విటమిన్ కె ఉంది. కొత్తవాటి విరుగుళ్ళు చిన్న ఊళ్ళలో చేతికందవు. అయితే తలలో రక్తస్రావం కొత్తవాటితో తక్కువ, నా వరకు అదే పెద్ద మాట.

ఇదంతా విని, అందరూ మారిపోవచ్చనుకోకండి. మా బావమరిది మారడానికి లేదు. లోహపు కవాటం ఉన్నవాళ్ళకు డబిగాట్రాన్ ఇచ్చి చూసిన పరీక్షలో గడ్డలూ రక్తస్రావాలూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు. వాడికి ఐఎన్‌ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి, విశాఖ రైలు ఎక్కి చూపించుకుంటూ ఉంటాడు. కవిటిలో మా పిన్నికీ కాలి గడ్డే, కానీ ఆవిడకు ఉద్దానం ఊళ్ళను పీడించే కిడ్నీ జబ్బు కూడా ఉంది. కొత్త మాత్రలు ఎక్కువో తక్కువో కిడ్నీల గుండానే బయటికి పోతాయి, డబిగాట్రాన్ అయితే మరీ ఎక్కువ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి డాక్టరు ఆవిడను పాతదాని మీదే ఉంచారు. ఆ పక్క ఊళ్ళవాళ్ళు మాత్ర పేరు అడిగే ముందు కిడ్నీ పరీక్ష అడగాలి. గర్భిణులకు రెండూ పనికిరావు, ఇంజెక్షనే. పదే పదే గడ్డలు కట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బు ఉన్నవాళ్ళకూ వార్ఫరినే మేలు.

కిడ్నీలు బాగుండి, కవాటం గొడవ లేక, మూడు నాలుగు నెలల వైద్యానికి వచ్చిన నాలాంటివాడికి మాత్రం కొత్తదే అంటాను, పూట తప్పకుండా అన్నంతో వేసుకుంటే. మర్చిపోయే మనిషయితే, పరీక్ష కోసమైనా నెలకోసారి ఎవరో ఒకరు తలుపు తట్టే పాతదే నయం.

నాలుగు నెలలకు నా మాత్ర ఆపేశారు. సాయంత్రానికి కొట్లో నిలబడి నిలబడి ఎడమకాలు ఇంకా వాస్తుంది. బిగుతు మేజోడు వేసుకుంటే కొంచెం హాయి. గుణుపురం-విశాఖ రైల్లో కిటికీ సీటు వద్దంటున్నానని మా ఆవిడకు వింతగా ఉంది. నడవా పక్కన కూర్చుంటే ప్రతి స్టేషన్‌కూ లేచి నాలుగడుగులు వేయొచ్చు.