క్రూగ్ గ్రాండ్ క్యువే 171వ ఎడిషన్: ఒక సీసాలో 131 వైన్‌లు

ఇంత డబ్బు పోసి కొన్న సీసా మీద ఏ ఏటి పంటో రాసి ఉండదు. సంవత్సరం ఉండాల్సిన చోట "171వ ఎడిషన్" అని మాత్రం ఉంటుంది. క్రూగ్ అనే ఫ్రెంచి షాంపేన్ సంస్థ గ్రాండ్ క్యువే పేరుతో ఏటా కొత్తగా కలిపే మిశ్రమానికి ఇచ్చే వరస సంఖ్య అది. షాంపేన్ కొత్తగా కొనేవాళ్లు చాలామంది ఇక్కడే తడబడతారు. సంవత్సరం లేదంటే నాసిరకం అనుకుని, పక్కనే 2012 అనో 2013 అనో అచ్చు వేసిన సీసా తీసుకుపోతారు. సంవత్సరం వేయకపోవడం లోపం కాదు. ఒకే ఏటి పంటను నమ్ముకోకూడదనేది ఈ సీసా వెనకున్న లెక్క. ఆ లెక్క అర్థమైతే ధర సబబో కాదో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

ముందు లోపలున్నది చూద్దాం. 171వ ఎడిషన్‌లో 12 వేర్వేరు సంవత్సరాల 131 వైన్‌లు ఉన్నాయి. అన్నిటికంటే చిన్నది 2015 పంటది, పెద్దది 2000 నాటిది. ద్రాక్ష రకాల్లో పినో న్వార్ 45 శాతం, షార్డొనే 37, మునియే 18. 750 మిల్లీలీటర్ల సీసాను 131తో భాగిస్తే సగటున ఒక్కో వైన్ వాటా 6 మిల్లీలీటర్ల లోపే, ఒక చెంచాకు కాస్త ఎక్కువ. కాబట్టి "131 రుచులు తెలుస్తాయి" అని అమ్మకందారు చెబితే నవ్వి ఊరుకోండి. ఏ నాలుకకూ అన్ని తెలియవు. 131 అనే అంకె గొప్పతనానికి కొలత కూడా కాదు. 168వ ఎడిషన్‌లో 198 వైన్‌లున్నాయి, 169లో 146. అంతమాత్రాన 168 మిగతావాటికంటే గొప్పదైపోదు. అన్ని వైన్‌లు విడివిడిగా చేతిలో ఉంటే, ఆ ఏడు పంటలో ఏది తక్కువైందో దాన్నే వెతికి తెచ్చి పూడ్చే వీలుంటుంది. ఆ అంకె వెనకున్న అసలు విలువ ఆ వీలే.

ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతం 49 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, ద్రాక్ష పండే భూమికి దాదాపు అంచున ఉంది. ఒక ఏడు ఏప్రిల్‌లో మంచు చిగుళ్లను మాడుస్తుంది, ఇంకో ఏడు వడగళ్లు, మరో ఏడు బూజు తెగులు. 2012 వసంతంలో మంచు, వడగళ్లు, బూజు మూడూ కలిసి దిగుబడిని కోసేశాయి, మిగిలిన పండు మాత్రం బాగా కుదిరింది. 2013లో కోత ఆలస్యమై అక్టోబరు దాకా సాగింది. 2015 వేసవి వేడిగా, పొడిగా గడిచింది. అలాంటి ఏడు పండుకు నిండుదనం వస్తుంది, పులుపు వెనక్కి తగ్గుతుంది. 1843లో రాంస్ నగరంలో ఈ సంస్థను పెట్టిన జోసెఫ్ క్రూగ్‌కు కావలసింది వాతావరణం ఎలా ఉన్నా ప్రతి ఏడూ తన దగ్గరున్న మేటి షాంపేన్ ఇవ్వగలగడం. 1848లో కొడుకు కోసం రాసిన నోటుబుక్కులో పెట్టిన సూత్రం కూడా అదే. దానికి ఉన్న దారి ఒక్కటే: పాత ఏళ్ల వైన్ దాచుకోవడం, కొత్త దానితో కలపడం.

మూడు ద్రాక్షల పనులు వేరు. పినో న్వార్ ఒడ్డూ పొడుగూ ఇస్తుంది. అంబొనే, వెర్జెనే వంటి ఊళ్లది దీనికి పేరు. షార్డొనే సన్నటి పులుపునూ, ఏళ్ల తరబడి నిలిచే శక్తినీ తెస్తుంది. ల మెనీల్, అవీజ్ ఊళ్ల సున్నపు నేలల్లో పండింది మొదట్లో రాయిలా బిగుసుకుని ఉంటుంది. మునియే పండు వాసనను త్వరగా అందిస్తుంది. చాలా సంస్థలు దాన్ని చవక సీసాలకు సరిపెడతాయి, ఇక్కడ మాత్రం 171లో దాదాపు ఐదో వంతు అదే. కాఫీ పొడి దుకాణంలో నిలబడి పీబెర్రీ ఇంత, ప్లాంటేషన్ ఇంత, చికోరీ ఇంత అని చెప్పి ఆడించుకునేవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు. తేడా ఒక్కటే: కాఫీ పాళ్లు ఒకసారి కుదిరితే జీవితమంతా అవే. ఇక్కడ పాళ్లు ఏటా మారాలి, అప్పుడే స్థాయి తగ్గకుండా ఉంటుంది. 168లో పినో న్వార్ 52 శాతం, 169లో 43, 170లో 51. మునియే 169లో 22 శాతం దాకా వెళ్లి, 170లో 11కు దిగింది.

ఇక చేసే పద్ధతి. షాంపేన్ నిబంధనల ప్రకారం 4,000 కిలోల ద్రాక్ష నుంచి మొదటి పిండుడుగా 2,050 లీటర్ల రసం తీస్తారు. అది సరిగ్గా 205 లీటర్ల పీపాలు పదికి సరిపోతుంది. క్రూగ్ ఒక్కో తోట ముక్క రసాన్ని విడిగా ఈ చిన్న ఓక్ పీపాల్లో పులియబెడుతుంది. పీపాలు పాతవి కాబట్టి చెక్క వాసన పట్టదు. వాటి పని కాస్త గాలి తగిలించి వైన్‌ను మొదట్లోనే రాటుదేల్చడం. తరువాత స్టీలు ట్యాంకులకు మారుస్తారు. కొత్త ఏటివి సుమారు 250, పాత ఏళ్ల రిజర్వ్ వైన్‌లు సుమారు 150, మొత్తం 400 దాకా నమూనాలను శరదృతువు నుంచి వసంతం వరకు ఒక చిన్న బృందం రుచి చూసి రాసుకుంటుంది. చివరి పాళ్లు తేల్చేది సెల్లార్ అధిపతి. ఎరిక్ లెబెల్ తరువాత 2020 నుంచి ఆ బాధ్యత జూలీ కవిల్‌ది.

ఈ రుచి చూడటం అనుకున్నంత హాయైన పని కాదు. అప్పటికి బుడగలుండవు, పళ్లు జివ్వుమనే పులుపు, 11 శాతం లోపు ఆల్కహాలు. సీసాలో రెండోసారి పులిసి, ఏడేళ్లు మడ్డి (పులిశాక సీసాలో మిగిలే ఈస్టు) మీద పడుకున్నాక ఎలా ఉంటుందో ఇప్పుడే ఊహించాలి. బుడగల వాయువు పులుపునూ చేదునూ ఎత్తి చూపిస్తుంది. బుడగలు లేనప్పుడు లీలగా ఉన్న చేదు, ఆరు బార్ల (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు ఆరు రెట్ల) ఒత్తిడి తోడయ్యాక నాలుక చివర కూర్చుంటుంది. మామూలు వైన్ కలిపే చెయ్యి షాంపేన్ కలపబోయి ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఏ వైనరీలోనైనా పాళ్లు తేల్చే పని 100 మిల్లీలీటర్ల కొలజాడీతోనే మొదలవుతుంది. ముందు పది పది శాతం మార్చి చూస్తారు, దిశ తెలిశాక రెండేసి శాతానికి దిగుతారు. రెండు శాతమంటే చిన్నదనిపిస్తుంది గానీ, 10,000 లీటర్ల ట్యాంకులో అది 200 లీటర్లు, దాదాపు ఒక పీపా. ఆల్కహాలు, మొత్తం పులుపు లెక్కకు లొంగుతాయి: లీటరుకు 6 గ్రాముల పులుపున్న వైన్ 70 పాళ్లు, 9 గ్రాములున్నది 30 పాళ్లు కలిపితే 6.9 వస్తుంది. పులుపు తీవ్రతను చూపే పీహెచ్ మాత్రం అలా సగటుకు రాదు, కలిపి కొలవాల్సిందే. వాసన ఇంకా మొండిది. కలిపిన గంటకు ఒకలా, మర్నాటికి ఇంకోలా ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లు నమూనాను ఒక రాత్రి మూతపెట్టి ఉంచి మళ్లీ చూస్తారు.

తరువాత వచ్చే చిక్కులు చాలావరకు నిలకడకు సంబంధించినవే. విడివిడిగా తేటగా నిలిచిన రెండు వైన్‌లు కలిశాక టార్టారిక్ పలుకులు (ద్రాక్షలోని ఆమ్లం గడ్డకట్టి ఏర్పడేవి) దింపవచ్చు, ఎందుకంటే ఆల్కహాలు, పీహెచ్, పొటాషియం పాళ్లు మూడూ మారిపోయాయి. షాంపేన్‌లో ఇది మరీ ప్రమాదం: పలుకులు సీసాలో ఏర్పడితే మడ్డి తీసేటప్పుడు వాటి చుట్టూ బుడగలు పుట్టి వైన్ నురగై బయటికి పొంగిపోతుంది. అందుకే చలిపట్టి పలుకులు దింపే పని కలపక ముందు కాదు, కలిపాకే చేయాలి. మాలిక్ ఆమ్లం మిగిలి ఉన్న వైన్‌లో, దాన్ని మార్చే బాక్టీరియా బతికున్న వైన్ కలిపితే సీసాలోనే ఆ మార్పు మొదలై మసకబారుతుంది. చెడిన వైన్‌ను మంచిదానిలో పలచన చేసి వదిలించుకుందామనుకుంటే ఒక ట్యాంకు నష్టం రెండు ట్యాంకులదవుతుంది. కలపడం లోటు తీరుస్తుంది, తెగులు తీర్చదు.

అన్నీ కుదిరాక లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, ఈస్టు చేర్చి సీసాల్లో నింపుతారు. చక్కెర నాలుగు గ్రాములకు ఒక బార్ చొప్పున ఆరు బార్ల ఒత్తిడి వస్తుంది. సంవత్సరం వేయని షాంపేన్‌కు చట్టం అడిగేది 15 నెలలే. ఈ సీసా దాదాపు ఏడేళ్లు నేలమాళిగలో ఉంటుంది. ధరలో పెద్ద వాటా ఆ ఏడేళ్లది, ఇంకా ముందు నుంచి దాచిన రిజర్వ్ వైన్‌లది. 171లో రిజర్వ్ వాటా 40 శాతం పైచిలుకు. ఎప్పుడో 2000లో పండింది ఇంతకాలం అమ్మకుండా అట్టిపెట్టుకోవడమంటే డబ్బును ట్యాంకులో పోసి తాళం వేయడమే.

గ్లాసులో ఏముంది? వేయించిన బాదం, ఎండు నిమ్మతొక్క, తేనె, పెనం మీద వెన్నతో కాల్చిన బన్ను అంచు. 2015 వేడి తాలూకు కండ స్పష్టంగా తెలుస్తుంది, కానీ గుటక చివర వరకు పులుపు ఎక్కడా చేయి వదలదు. రిజర్వ్ వైన్‌ల పని సరిగ్గా అక్కడే కనబడుతుంది. తొందరపడి తీస్తే మాత్రం కొంత బిగుతుగా ఉంటుంది. రెండు మూడేళ్లు ఆగగలిగినవాళ్లకే ఇది పూర్తిగా విచ్చుకుంటుంది. పక్కపక్కన పెట్టి చూస్తే 168 ఇప్పటికి ఇంకా గట్టి ఎముకలున్నది, 171 త్వరగా స్నేహం కలిపేది. ఒక్కటే కొనేట్టయితే, ఏళ్ల తరబడి దాచడానికి 168, రెండు మూడేళ్లలో తీయడానికి 171.

ఇదే సంస్థ ఒకే తోట, ఒకే ద్రాక్ష, ఒకే ఏడుతో క్లో ద్యు మెనీల్ అనే షాంపేన్ కూడా చేస్తుంది. 1.84 హెక్టార్ల గోడకట్టిన తోట, మొత్తం షార్డొనే, మొదటి పంట 1979. ఏమీ కలపనిదానికి ఇన్ని కలిపినదానికంటే ఎన్నో రెట్లు ధర! అరుదుదనానికి కట్టే ఖరీదది. పనితనం ఎక్కువ పట్టేది గ్రాండ్ క్యువేకే.

అసంతృప్తి ఒకటుంది. పాళ్లు, సంవత్సరాల వివరాలు లేబుల్ మీద ఉండవు. వెనక లేబుల్ మీదున్న ఆరంకెల ఐడీని సంస్థ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో కొట్టాలి. ఇంత ఖరీదైన సీసా మీద నాలుగు పంక్తులు అచ్చు వేయడానికి చోటు లేకపోలేదు. ఐడీలో మొదటి అంకె త్రైమాసికం, తరువాతి రెండు సంవత్సరం: 422తో మొదలైతే 2022 చివరి త్రైమాసికంలో ఆ సీసా బయటికి వచ్చిందని. కొనేముందు ఇది చూడండి. హైదరాబాదు ఎండలో ఏసీ ఆగిన దుకాణంలో రెండు వేసవులు నిలబడ్డ సీసాకంటే విమానాశ్రయంలో నిన్న మొన్న వచ్చిన సీసా మేలు. 375 మిల్లీలీటర్ల సగం సీసా దాచుకోవడానికి పనికిరాదు. మెడలో గాలి దాదాపు అంతే ఉండి వైన్ సగమే ఉంటుంది కాబట్టి త్వరగా ముదురుతుంది, కొన్న ఏడాదే తాగేయాలి.

అంత పెట్టలేనివాళ్లకు, కలపడం ఏం చేస్తుందో తెలుసుకోవడానికి దారులున్నాయి. నాసిక్ దగ్గర దిండోరిలో చేసే షాండన్ బ్రూట్ కూడా సీసాలోనే రెండోసారి పులిసేదే, శెనిన్ బ్లాన్ అనే ద్రాక్ష కూడా కలిసిన మిశ్రమం. లోతు లేదు, పద్ధతి మాత్రం అదే కుటుంబం. నంది కొండల గ్రోవర్ లా రిజర్వ్‌లో కాబెర్నే ద్రాక్ష వగరుకు షిరాజ్ ద్రాక్ష కండ ఎలా తోడవుతుందో తేలిగ్గా తెలుస్తుంది. లేదా ఒక మెర్లో ద్రాక్ష వైన్, ఒక కాబెర్నే వైన్ తెచ్చి 10 మిల్లీలీటర్ల సిరంజితో 80:20, 70:30, 50:50 కలిపి, గ్లాసుల కింద చీటీలు అంటించి, వరస తారుమారు చేసి రుచి చూడండి. సగం సగం పాళ్లు తరచుగా చప్పగా తేలతాయి. ఒకటి నడిపించి ఇంకోటి సర్దినప్పుడే కుదురుతుంది. బుడగల వైన్‌తో ఈ ప్రయోగం వద్దు, కలుపుతుండగానే బుడగలు పోతాయి.

గ్రాండ్ క్యువే తీసేటప్పుడు 9 నుంచి 12 డిగ్రీలు చాలు. ఫ్రిజ్‌లోంచి తీసి ఇరవై నిమిషాలు బల్ల మీద ఉంచండి, మరీ చల్లగా ఉంటే పులుపు తప్ప ఏమీ తెలియదు. సన్నటి ఫ్లూట్ గ్లాసు వద్దు, పొట్ట ఉన్న వైన్ గ్లాసు కావాలి. మిగిలితే బిగించే మూతతో ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు బుడగ కొంచెం తగ్గుతుంది, బాదం వాసన ముందుకొస్తుంది, దాచిపెట్టిన పాత ఏళ్లు మొదటి రోజుకంటే ఆ రోజే బాగా పలుకుతాయి.