తడి గోడా, ఆరిన గోడా: కుడ్యచిత్రానికి ఏది మేలు?

ఇటలీ చూసివచ్చిన పాఠకులు ఒకే సందేహాన్ని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద మైకెలాంజెలో వేసిన బొమ్మలు ఐదు వందల ఏళ్లు గడిచినా నిండు రంగులతో నిలిచి ఉండగా, అంతకు పదేళ్ల ముందే మిలాన్‌లో లియొనార్డో ముగించిన ‘చివరి విందు’ ఎందుకంత శిథిలమైంది? గోడ మీద బొమ్మకు తడి సున్నం మేలా, ఆరిన పూత మేలా? దీన్ని తేల్చడానికి రోమ్‌నూ మిలాన్‌నూ పోల్చనక్కరలేదు. మిలాన్‌లోని శాంతా మరియా దెల్లె గ్రాత్సియె మఠపు భోజనశాలలో రెండు పద్ధతులూ ఎదురెదురు గోడల మీదే ఉన్నాయి.

ఒక గోడ మీద లియొనార్డో సుమారు 1495 నుంచి 1498 వరకు ఆరిన పూతపై జిగురు కలిసిన రంగులతో వేసిన ‘చివరి విందు’ ఉంది. ఎదుటి గోడ మీద జొవాన్ని దొనాతో ద మోంతొర్ఫానో 1495లో తడి సున్నంపై వేసిన ‘శిలువ’ దృశ్యం ఉంది. రెండూ ఒకే గదిలోని గాలినీ చెమ్మనూ భరించాయి. 1943 ఆగస్టులో బాంబుదాడికి పైకప్పూ ఒక పక్కగోడా కూలినప్పుడు రెండూ నిలిచాయి. అయినా మోంతొర్ఫానో రంగులు నేటికీ చాలావరకు గట్టిగా ఉండగా, లియొనార్డో బొమ్మ పాడవడం మొదలైందని ఆయన బతికుండగానే, 1517లో, ఒక యాత్రికుడు రాసుకున్నాడు. ఆ శతాబ్దం నడిమి దాటేసరికి, చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారికి అక్కడ కనిపించినది అలుక్కుపోయిన మచ్చ మాత్రమే. 1978లో మొదలైన చివరి మరమ్మతు ముగియడానికి 1999 దాకా పట్టింది.

మోంతొర్ఫానో గోడలోనే ఇంతకంటె బలమైన సాక్ష్యం ఉంది. దాని అడుగున రెండు పక్కలా మిలాన్ ప్రభువు లుదొవీకో స్ఫోర్త్సా కుటుంబాన్ని తరువాత ఆరిన పూత మీద చేర్చారు. ఆ పని లియొనార్డోదేనని సాధారణంగా చెబుతారు. ఇప్పుడక్కడ మసకబారిన ఆకారాలు తప్ప ఏమీ మిగలలేదు. గోడ ఒకటే, గార ఒకటే. మారినదల్లా రంగు పడిన సమయం.

నా దృష్టిలో తీర్పు చెప్పవలసిన అంశం ఇదే: రంగును పట్టి ఉంచేది గోడేనా, మధ్యలో మరో పదార్థమా? తడి సున్నం మీద వేసే రంగులో నీళ్లు తప్ప జిగురేమీ ఉండదు. గార ఆరుతుండగా అందులోని సున్నం పైకి చేరి, గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని తిరిగి సున్నపురాయిగా గట్టిపడుతుంది. రంగురేణువులు ఆ పలుచని రాతిపొరలో చిక్కుకుపోతాయి. ఆరిన గోడ మీదనైతే గుడ్డుసొనో, జంతువుల జిగురో, నూనెయో రంగును అంటిపెట్టుకుని ఉండాలి. గోడలోంచి చెమ్మ బయటికి వచ్చే కొద్దీ ఆ పొర పెచ్చులుగా లేచిపోతుంది. చాలామంది ఈ పద్ధతులను వన్నె, నునుపు, నీడల సున్నితత్వం దగ్గర మొదలుపెట్టి పోలుస్తారు గానీ, అవన్నీ రంగు గోడ మీద నిలిచిన తరువాత మాట్లాడుకోవలసినవి.

తడి సున్నం ఈ మన్నికకు గట్టి ధరే అడుగుతుంది. ఒక రోజులో వేయగలిగినంత మేరకే గార పూయాలి, అది ఆరేలోగా ఆ ముక్క పూర్తి కావాలి, ఆరాక రంగు ఎంత తేలిపోతుందో ముందే ఊహించాలి, తప్పు జరిగితే పూత చెక్కేసి మళ్లీ మొదలుపెట్టాలి. లియొనార్డో ఒక్కోసారి తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా తిండి మరిచి పనిచేసేవాడనీ, ఆపైన రోజుల తరబడి కుంచె పట్టేవాడు కాదనీ, మరొకప్పుడు వచ్చి ఒకటి రెండు గీతలు దిద్ది వెళ్లిపోయేవాడనీ అప్పట్లో ఆయనను చూసిన కథకుడు బందెల్లో రాశాడు. అటువంటి మనిషికీ తడి సున్నానికీ పొత్తు కుదరదు. పొర మీద పొరగా నీడలు పరిచే ఆయన శైలికి కావలసిన వ్యవధి కూడా అందులో లేదు.

ఆరిన గోడ వైపు నిలిచేవారికి ఆ గదిలోనే మంచి వాదం దొరుకుతుంది. పావుగంట మాత్రమే అనుమతించే ఆ భోజనశాలలో చాలామంది మోంతొర్ఫానో వైపు తిరిగి కూడా చూడరు. చెక్కుచెదరని మామూలు బొమ్మ కంటె శిథిలమైన మహాకృతి మేలని లోకం ఎప్పుడో తేల్చింది. అయితే ఆ బొమ్మను మామూలుగా చేసింది తడి సున్నం కాదు. 1420లలో ఫ్లారెన్స్ బ్రాంకాచ్చి చాపెల్‌లో మసాచ్చో, ఆ తరువాత వాటికన్‌లో రాఫేల్, మైకెలాంజెలో పనిచేసింది అదే తడి గార మీద.

రెండింటినీ కలిపిన మధ్యేమార్గం నిజానికి ఇటలీలో సర్వసాధారణం. జేగురు, పసుపు మన్ను, ఆకుపచ్చ మన్ను వంటివి సున్నాన్ని తట్టుకుంటాయి గానీ అన్ని రంగులకూ ఆ శక్తి లేదు. పాదువాలోని స్క్రొవేన్యి చాపెల్‌లో సుమారు 1305 నాటికి పని ముగించిన జొత్తో, అజురైట్ అనే ఖనిజపు నీలాన్ని ఆరిన పూత మీద జిగురుతో వేయవలసి వచ్చింది; మరియ వస్త్రాల మీద అది రాలిపోయిన చోట్లు ఇప్పటికీ తెలుస్తాయి. అస్సీసీలో చిమబూయె వాడిన సీసపు తెలుపు కాలక్రమేణా నల్లబడి, వెలుగు ఉండవలసిన చోట చీకటి నిండింది. ఆరాక కుంచె పెట్టడం నీచమైన పని అని వసారి తిట్టిపోశాడు. నీలం విషయంలో నేను అంత కఠినంగా ఉండలేను.

నేరుగా గోడ మీద తైలవర్ణం మాత్రం నాకు సమ్మతం కాదు. సిస్టీన్‌లో ‘అంతిమ తీర్పు’ కోసం చిత్రకారుడు సెబాస్తియానో దెల్ ప్యోంబో గోడను తైలవర్ణాలకు అనువుగా సిద్ధం చేయిస్తే, మైకెలాంజెలో దాన్ని పీకించి తడి గార పూయించాడని వసారి చెబుతాడు. నూనెరంగులు ఆడవాళ్లకూ సోమరులకూ అని ఆయన అన్నాడట. ఆ నోటిదురుసును పక్కన పెడితే, గోడ సంగతిలో ఆయన పక్షమే సరైనది.

రంగురంగుల రాళ్లూ గాజు ముక్కలూ పొదిగే మొజాయిక్ అన్నిటికంటె ఎక్కువ కాలం మన్నుతుంది, ఇటలీలోని రావెన్నా నగరమే సాక్ష్యం. కానీ ఖర్చులోనూ స్వభావంలోనూ అది వేరే కళ. కాన్వాసు మీద వేసి గోడకు అంటించడం 19వ శతాబ్దపు ఫ్రాన్సులో బాగా చెల్లింది. సౌకర్యమైన పద్ధతే, అంతకుమించి చెప్పేదేమీ లేదు.

తడి సున్నం ఓడిపోయే చోట్లూ లేకపోలేదు. వెనిస్‌లోని జర్మన్ వర్తకుల భవనం వెలుపలి గోడల మీద 1508 ప్రాంతంలో జొర్జోనె, టిషియన్ వేసిన చిత్రాల్లో ఇప్పుడు కొన్ని ముక్కలే మిగిలాయి. ఉప్పుగాలికి రాతిపొర కూడా ఆగదు. అందుకే ఆ ఊరి చిత్రకారుడు టింటొరెట్టో పెద్ద పెద్ద కాన్వాసులతో గోడలు కప్పాడు. 1966 వరదలో ఫ్లారెన్స్ గోడలు నీళ్లు తాగినప్పుడు కూడా అనేక చిత్రాలను ఊడదీసి కాపాడవలసి వచ్చింది.

కనుక పొడి గోడా, ముందే నిశ్చయించుకుని పనిచేయగల చిత్రకారుడూ ఉన్నచోట నా ఎంపిక నిస్సందేహంగా తడి సున్నమే. ఉప్పు చెమ్మ ఉన్న ఊరికి కాన్వాసు. ఇక లియొనార్డో వంటి వారికి గోడ అప్పగించడమే పొరపాటు: ఏళ్ల తరబడి దిద్దుతూ పోయిన ఆయన తైలవర్ణాలు పోప్లర్ చెక్క మీద ‘మోనాలిసా’గా ఈనాటికీ నిలిచే ఉన్నాయి.