నాలుగు లక్షల కిలోమీటర్లు దాటిన నా ల్యాండ్ క్రూయిజర్ 80

టయోటా ల్యాండ్ క్రూయిజర్ 80 సిరీస్, 1994 మోడల్. 4.2 లీటర్ల 1హెచ్‌జడ్ డీజిల్ ఇంజన్, టర్బో లేదు, ఐదు గేర్ల మాన్యువల్. కొన్నప్పుడు ఓడోమీటర్ మీద 3,80,000 కిలోమీటర్లు ఉన్నాయి, ఇప్పుడు నాలుగు లక్షలు దాటింది. ఆ అంకె వినగానే ఎవరైనా అడిగేది ఒక్కటే: ఇంజన్ ఇంకెన్నాళ్లు వస్తుంది? నేనైతే ఇంజన్ కంటే ముందు, కింద పడుకుని ముందు యాక్సిల్, అంటే ముందు చక్రాల ఇరుసు చూడమంటాను. అక్కడ చేయించాల్సిన పని చేయించకపోయినా బండి నడుస్తూనే ఉంటుంది. పైకి కనపడని పని, చేతులు నల్లబడే పని, ఖర్చులో ఎక్కువ భాగం లేబరే. బండి మీద నిజంగా శ్రద్ధ ఉన్న ఓనరే దాన్ని చేయిస్తాడు.

చక్రం వెనక, యాక్సిల్ చివర నున్నటి ఇనుప గోళం కనిపిస్తుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు హబ్, అంటే చక్రం బిగించే భాగం, దాని మీదే తిరుగుతుంది. లోపల, చక్రం పక్కకు మళ్లినా దానికి ఇంజన్ బలం అందించే బిర్‌ఫీల్డ్ జాయింట్ చిక్కటి గ్రీజులో ఉంటుంది. పక్కనే యాక్సిల్ గొట్టంలో డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచే గేర్లు) గేర్ ఆయిల్. ఈ రెండూ కలవకుండా ఆపేది ఒక్క ఆయిల్ సీలు. అది అరిగితే ఆయిల్ వచ్చి గ్రీజులో కలుస్తుంది, గ్రీజు పల్చబడి బయటి సీలు దాటి గోళం మీదుగా కారుతుంది.

గోళం మీద పల్చటి గ్రీజు పొర ఉంటే కంగారు పడక్కర్లేదు, అది ఉండాల్సిందే. ధారలు కట్టి, దాని మీద దుమ్ము గట్టిపడి, టైరు లోపలి వైపు నల్లటి చుక్కలు చిమ్మి ఉంటే సీళ్లు పోయినట్టే. ఎండిపోయి తుప్పు పట్టిన గోళమైతే నాకు ఇంకా ఎక్కువ అనుమానం. లోపల గ్రీజే లేకపోయి ఉండొచ్చు, పైగా గోళం మీద గుంటలు పడితే కొత్త సీలు వేసినా నిలవదు. ఇదే మోడల్‌లో చాలా తక్కువ కిలోమీటర్లు తిరిగిన ఇంకో బండిని చూశాను. పెయింట్ తళతళలాడుతోంది, సీట్లకు కొత్త కవర్లు, యాక్సిల్ కూడా నీళ్లు కొట్టి శుభ్రంగా కడిగారు. రిమ్ముల లోపలి అంచులు మాత్రం ఆయిల్‌తో తడిసి ఉన్నాయి. మెత్తటి మట్టి నేల మీద స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి నెమ్మదిగా గుండ్రంగా పోనిస్తే టక్ టక్ మని చప్పుడు. బిర్‌ఫీల్డ్ అరిగిందనడానికి అదే గుర్తు. ఆ బండి వదిలేసి దీన్ని తీసుకున్నాను.

నా బండికీ సీళ్లు మార్చే సమయం దగ్గరపడింది, పాత ఓనరు దాచకుండా చెప్పాడు, గతంలో చేయించిన బిల్లు కూడా చూపించాడు. రెండు వైపులా విప్పించాను. సీళ్లు, గాస్కెట్లు, కింగ్‌పిన్ బేరింగులు (స్టీరింగ్ తిప్పినప్పుడు హబ్ పక్కకు మళ్లేది వీటి మీదే) కొత్తవి. వీల్ బేరింగులు కడిగి మళ్లీ గ్రీజు పెట్టించాను. ఈ పనిలో మెకానిక్ పనితనం తెలిసేది కింగ్‌పిన్ బేరింగుల బిగుతు దగ్గర. మా మెకానిక్ స్టీరింగ్ ఆర్మ్‌కి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగుతూ, ఎంత బలానికి హబ్ కదులుతోందో చూసి, షిమ్ములు, అంటే సందులో పెట్టే పల్చటి రేకులు, మార్చి మళ్లీ లాగి చూశాడు. చేత్తో ఊపి చూసి సరిపోయిందనేవాళ్ల దగ్గర ఈ పని చేయించకండి. బిగుతు తక్కువైతే రోడ్డు మీద స్పీడులో స్టీరింగ్ వణుకుతుంది.

ఇక ఇంజన్. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసుకున్నాను. చల్లటి ఇంజన్ గ్లో ప్లగ్ (స్టార్ట్‌కి ముందు లోపల వేడిచేసే ప్లగ్) లైటు ఆరాక వెంటనే అందుకోవాలి, మొదట వచ్చే పొగ కాసేపటికి పోవాలి. పోకుండా నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందన్నమాట, తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ సంగతి చూడాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. అక్కడి నుంచి పొగ గట్టిగా తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. టైమింగ్ బెల్టు ప్రతి లక్ష కిలోమీటర్లకు మార్చాలి, డాష్‌బోర్డు మీద దానికి ప్రత్యేకంగా ఒక లైటే ఉంది. కానీ బెల్టు మార్చకుండానే ఆ లైటును ఆర్పేయొచ్చు. కాబట్టి బిల్లు లేకపోతే బెల్టు మార్చలేదనే అనుకోండి. ఈ ఇంజన్‌కి తర్వాత ఎవరైనా బయటి టర్బో బిగించి ఉంటే నేను ఆ బండి జోలికి పోను, వేడికి సిలిండర్ హెడ్ పగిలే ప్రమాదం పెరుగుతుంది. కంపెనీ టర్బోతో వచ్చిన 1హెచ్‌డి-టి కావాలంటే, బిగ్ ఎండ్ బేరింగులు (పిస్టన్ రాడ్డు క్రాంక్‌ను పట్టుకునే చోట ఉండేవి) మార్చిన రుజువు అడగండి.

తుప్పు విషయంలో రాజీ వద్దు. ముందు అద్దం రబ్బరు కింద మూలలు, వెనక డోరు కింది అంచు, చక్రాల వెనక భాగాలు, చివరగా చాసిస్. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్తే చప్పుడు మారిన చోట తెలిసిపోతుంది.

లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్లు) లివర్ వేస్తే ఇందులో ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే సెంటర్ డిఫరెన్షియల్ దానంతటదే లాక్ అయి లైటు వెలగాలి. ఏళ్ల తరబడి వాడని బండ్లలో ఇది బిగుసుకుపోతుంది. వదులు నేల మీద వేసి, కొంచెం దూరం పోయి చూడండి. తారు రోడ్డు మీద లాక్ వేసి మలుపులు తిప్పొద్దు.

మెయింటెనెన్స్‌లో నేను చాలా ముఖ్యమనుకునేది యాక్సిల్ బ్రీదర్లు, అంటే యాక్సిల్ లోపలికీ బయటికీ గాలి ఆడే చిన్న దారులు. చాలాసేపు నడిచి వేడెక్కిన యాక్సిల్ వాగులో దిగగానే చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుని సీళ్ల సందుల్లోంచి నీళ్లు లాక్కుంటుంది. బ్రీదర్లకు పొడవాటి గొట్టాలు తగిలించి ఇంజన్ గది పైదాకా తెచ్చాను. అయినా నీళ్లలో దిగివచ్చాక డ్రెయిన్ ప్లగ్ కొంచెం వదులు చేసి చూస్తాను. ఆయిల్ పాలలా తెల్లబడితే ఆలస్యం చేయకుండా మార్చాలి. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదలడం, ఎయిర్ ఫిల్టర్ విప్పి దుమ్ము చూడడం, చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపడం, ఇవన్నీ ఇంటి దగ్గర చేసుకునే పనులే.

ఇసుకలో టైర్లు 18 పీఎస్ఐకి దించి లో రేంజ్ సెకండ్‌లో పోనిస్తే ఈ బండి చూపించే ఓపిక నాకు ఎంతో ఇష్టం. ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకటే ఇరుసు), కాయిల్ స్ప్రింగులు కావడంతో ఎగుడుదిగుడు రాళ్ల మీద చక్రాలు నేలను వదలవు. హైవే మీద మాత్రం నిదానం. రెండు టన్నులు దాటిన బరువుకి 130 హార్స్‌పవర్ చుట్టుపక్కలే, ఘాట్ ఎక్కేటప్పుడు థర్డ్ గేర్‌కి దిగాల్సిందే. లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు వస్తుంది, ఇసుకలో అదీ రాదు. నా బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. రోజూ ఆఫీసుకి ఇదే బండిలో వెళ్దామనుకుంటే నేను కొనమని చెప్పను.

అడవి దారులకే అనుకుంటే తప్పకుండా చూడండి. ఇదే ఇంజన్ 70 సిరీస్‌లోనూ చాలా ఏళ్లు నడిచింది కాబట్టి స్పేర్ పార్టులకు టెన్షన్ లేదు. కాకపోతే చేతిలో ఉన్న డబ్బంతా బండి ధరకే ఖర్చుపెట్టేయొద్దు. మొదటి ట్రిప్పుకి ముందే టైమింగ్ బెల్టు, కూలెంట్ గొట్టాలు, ముందు యాక్సిల్ సీళ్లు మార్పించి, ఇంజన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ నుంచి ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంపే పెట్టె), ముందు వెనక యాక్సిళ్ల డిఫరెన్షియల్స్ ఆయిళ్లు కొత్తవి పోయించండి. వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), అదనపు లైట్లు, రూఫ్ ర్యాక్ ఆ తర్వాత.