కర్రీ పాయింట్‌లో టీడీఎస్ మీటరు

టీడీఎస్ అంటే నీళ్లల్లో కరిగి ఉన్న పదార్థాల మొత్తం, దాన్ని అంకెలో చూపించేది టీడీఎస్ మీటరు. అది కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఆర్వో ఉన్నా, రోజూ క్యాన్లు వేయించుకుంటున్నా కొనండి, పనికొస్తుంది. మీ నీళ్లు తాగడానికి మంచివో కావో తేల్చుకుందామని మాత్రం కొనొద్దు. ఆ ప్రశ్నకి దీని దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు అమ్ముతున్నారు, అంతే.

నేను ఒంగోల్లో కర్రీ పాయింట్ నడుపుతాను. మాకు మూడు రకాల నీళ్లు. కుళాయిలో వచ్చేవి సాగర్ కాలవ నీళ్లు, గిన్నెలు కడగడానికి బోరు, వంటకీ తాగడానికీ ప్లాంట్ క్యాన్లు. క్యాన్ల ఖర్చు చూసి, అసలు ఆ నీళ్లకీ కుళాయి నీళ్లకీ ఉన్న తేడా ఏంటో చూద్దామని ఆన్‌లైన్లో మూడొందల చిల్లరకి ఈ మీటరు తెప్పించాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ ధరలో దొరికేవన్నీ ఒకే అచ్చు, పైన అతికించే స్టిక్కరే వేరు.

స్కెచ్ పెన్ను కన్నా కాస్త లావుగా ఉంటుంది. పైన చిన్న స్క్రీను, మూడు బటన్లు. కింద మూత తీస్తే రెండు సన్నటి లోహపు పుల్లలు కనిపిస్తాయి. ఆ పుల్లలు మునిగేదాకా నీళ్లల్లో పెట్టి, బుడగలు పోయేలా ఒకసారి కదిపి, అంకె నిలబడేదాకా ఆగాలి. అంతకన్నా లోతుకి ముంచకూడదు, నీళ్లు లోపలికి పోతాయి. హోల్డ్ నొక్కితే అంకె అలాగే ఉండిపోతుంది, బయటికి తీసి తీరిగ్గా చూసుకోవచ్చు. ఇంకో బటన్ నీళ్ల వేడి చెప్తుంది. వేడి పెరిగేకొద్దీ నీళ్లల్లో కరెంటు తేలిగ్గా పారుతుంది, డిగ్రీకి రెండు శాతం దాకా. మీటరు ఆ తేడాని తనే సరిచేసుకుంటుంది. మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్లు, రాత్రి చల్లారాక అవే నీళ్లు పెట్టి చూశాను, అంకెలో పెద్ద తేడా రాలేదు. ఈ ధరకి అది మెచ్చుకోవాల్సిందే.

మా ఇంట్లో వచ్చిన అంకెలు ఇవి, లీటరుకి మిల్లీగ్రాముల్లో. ప్లాంట్ క్యాన్ 41, కుళాయి 290, బోరు 1480. వాన పడ్డప్పుడు మేడ మీద స్టీలు గిన్నె పెట్టి పట్టిన నీళ్లు 14. ఏసీ పైపులోంచి కారే నీళ్లు కూడా దాదాపు అంతే. అవీ గాలిలోని తేమ చల్లబడి కారినవేగా. మన దేశంలో తాగే నీళ్లకి పెట్టుకున్న ప్రమాణం ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. అంటే మా కుళాయి నీళ్లు ఈ ఒక్క లెక్కలో నిక్షేపంగా పాసయ్యాయి.

ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి చేతికి మీటరు వెళ్లాకే అసలు రివ్యూ మొదలైంది. గ్లాసు క్యాన్ నీళ్లల్లో చిటికెడు ఉప్పు వేసింది, అంకె నలభైలోంచి వెయ్యి దాటిపోయింది. ఇంకో గ్లాసులో రెండు చెంచాల పంచదార వేసి కలిపింది. అంకె కదల్లేదు. "అమ్మా, ఇది పాడైందేమో చూడు" అని తీసుకొచ్చింది. పాడవలేదు. ఈ మీటరు నీళ్లల్లో కరిగినవాటిని తూకం వెయ్యదు. రెండు పుల్లల మధ్య కరెంటు ఎంత పారుతుందో చూసి, ఆ అంకెని సుమారు సగం చేసి టీడీఎస్ అని చూపిస్తుంది. ఉప్పు కరిగితే సోడియం, క్లోరైడ్ అని రెండుగా విడిపోతుంది, రెండిటికీ విద్యుదావేశం ఉంటుంది, కరెంటుని మోస్తాయి. పంచదార కరిగినా అణువు అణువుగానే ఉంటుంది, దానికి ఆవేశం లేదు. కాబట్టి ఎంత పాకం పట్టినా మీటరుకి అవి ఉత్త నీళ్లే.

ఆ తర్వాత ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి పెట్టాం. నాలుగు వేల పైచిలుకు చూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది, ఉప్పులన్నీ కలిపితే ఏడు గ్రాములు. అంటే అందులో ఎక్కువ భాగం మీటరు కంటికి ఆనలేదు. విరేచనాలు అయినప్పుడు పేగు గోడల్లోంచి సోడియంని లోపలికి లాక్కెళ్లేది ఆ గ్లూకోజే, దాని వెంట నీళ్లు పోతాయి. ఓఆర్ఎస్‌ని బతికించే మందుగా చేసిన సరుకే ఈ పరికరానికి లేనట్టు లెక్క. కొబ్బరి నీళ్లు కూడా పెట్టి చూశాం, రెండు వేలు దాటింది. అంకె చూసి భయపడాలంటే ముందు కొబ్బరిబోండాలు మానేయాలి మరి. కొత్తపట్నం బీచ్‌కి వెళ్లినప్పుడు అమ్మాయి దీన్ని బ్యాగులో పెట్టుకొచ్చింది. సముద్రం నీళ్లల్లో లీటరుకి 35 గ్రాముల ఉప్పు, మీటరు హద్దు 9990. అంకె ఇవ్వకుండా చేతులెత్తేసింది.

అన్నిటికన్నా నాకు నచ్చిన ప్రశ్న వేరే ఉంది. "మరగబెడితే నీళ్లు శుభ్రమవుతాయని స్కూల్లో చెప్పారుగా, మరి అంకె ఎందుకు సున్నా అవ్వలేదు?" కుళాయి నీళ్లు మరగబెట్టి చల్లార్చి పెట్టాం. కాస్త తగ్గింది, అంతే. ఆ తగ్గింది కూడా గిన్నె అడుగున తెల్లగా పట్టిన సున్నం వల్ల. నీళ్లల్లో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి కార్బనేట్‌గా మారి అడుక్కి దిగుతుంది. మరగబెట్టేది క్రిములు చావడానికి. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చేవి ఏవీ ఈ మీటరుకి కనపడవు. చెరువులోంచి ముంచిన మురికి నీళ్లు 200 చూపించొచ్చు, లోతు బోరు నీళ్లు 900 చూపించొచ్చు. ఏవి తాగితే ఆస్పత్రికి పోతామో ఆ అంకెలు చెప్పవు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మా పుట్టిల్లు కనిగిరి వైపు. ఫ్లోరోసిస్ అంటే నీళ్లల్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు. మన దేశంలో దాని గురించి 1937లో వైద్య పత్రికలో మొదట రాసింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల గురించే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేవి. మా ఊళ్లో గార పళ్లు చూసి పెళ్లిచూపుల్లో ఇంటిపేరు అడగకుండానే ఊరిపేరు చెప్పేసేవాళ్లు. ఫ్లోరైడ్‌కి ప్రమాణం లీటరుకి ఒక మిల్లీగ్రాము, ఎంత లేదన్నా 1.5 దాటకూడదు. ఈ మీటరు ఖచ్చితత్వం డబ్బా మీద రాసిందే నిజమనుకున్నా రెండు శాతం అటూఇటూ. మా ఊరి బోరు 700 చూపిస్తే అందులో పద్నాలుగు వరకు తేడా ఉండొచ్చు. ఫ్లోరైడ్ మూడో నాలుగో ఉంటే, ఎముకల్ని దెబ్బతీసేంత ఉన్నా, ఆ అటూఇటూలో కలిసిపోతుంది. మరగబెట్టినా పోదు సరికదా, నీళ్లు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. అక్కడ ఆర్వో ప్లాంట్ వృథా ఖర్చు కాదు, దాని లోపలి వడపోత పొర ఫ్లోరైడ్‌ని చాలావరకు ఆపుతుంది. మా అమ్మావాళ్లకి ఈ మీటరు ఇవ్వలేదు. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌లో నీళ్లు పరీక్ష చేయించుకోమన్నాను.

ఒంగోలు సంగతి వేరు. ఇక్కడ ఒక ఆర్వో కంపెనీ కుర్రాడు షాపుకొచ్చి రెండు గ్లాసుల డెమో చేశాడు. మీరూ చూసే ఉంటారు. ఒక గ్లాసులో మన కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల నీళ్లు పోసి, ఇనుప, అల్యూమినియం పుల్లలున్న మెషిన్ పెట్టి కరెంటు ఇస్తారు. నిమిషంలో మన గ్లాసు తుప్పు రంగుకి తిరుగుతుంది, పైన తెట్టు కడుతుంది. "చూశారా మేడమ్, మీ పిల్లలు తాగేది ఇదే" అన్నాడు. ఆ తుప్పు నీళ్లల్లోది కాదు, పుల్లలోది. నీళ్లల్లో లవణాలున్నాయి కాబట్టి కరెంటు పారింది, కరెంటు పారింది కాబట్టి ఇనుము కరిగింది. వాళ్ల నీళ్లల్లో లవణాలు లేవు, కరెంటు పారలేదు, ఇనుము కరగలేదు. "నీ గ్లాసులో చిటికెడు ఉప్పేసి పెట్టు బాబూ" అన్నాను. అలా వెయ్యకూడదు మేడమ్, రూల్ కాదు అన్నాడు. నేనే వేశాను. అదీ తుప్పు రంగుకి తిరిగింది. డబ్బాలు సర్దుకుని పక్క షాపుకి పోయాడు. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వో వాడకుండా నిషేధం తేవాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్రానికి చెప్పింది, లీటరు నీళ్లకి రెండు మూడు లీటర్లు కాలవలోకి పోతాయి కాబట్టి. అమ్మకాలు మాత్రం జోరుగానే సాగుతున్నాయి.

వంట మనిషిగా నాకు ఈ మీటరుతో ఉన్న గొడవ కందిపప్పు దగ్గర. బోరు నీళ్లల్లో పప్పు ఉడకదని మన అమ్మమ్మలకి తెలుసు. నీళ్లల్లోని కాల్షియం, మెగ్నీషియం పప్పు కణాల గోడల్లో ఉండే పెక్టిన్‌ని పట్టుకుని గట్టిపరుస్తాయి, ఎన్ని విజిల్స్ వచ్చినా గింజ గింజగానే ఉంటుంది. అయితే మీటరు ఇచ్చే అంకెలో కాల్షియం ఎంత, సోడియం ఎంత అని విడదీసి ఉండదు. 600 ఉన్న రెండు బోర్లలో ఒకదాంట్లో పప్పు మెత్తగా ఉడకొచ్చు, రెండోదాంట్లో రాయిలా మిగలొచ్చు. దానికి సబ్బు నురగే మంచి పరీక్ష. సీసాలో సగం నీళ్లు, కాస్త సబ్బు వేసి గిలక్కొట్టండి. నురగ రాకుండా తెల్లటి తరకలు తేలితే ఆ నీళ్లతో పప్పు పెట్టొద్దు. ఇప్పుడు మా షాపులో పప్పు క్యాన్ నీళ్లతో, సాంబారు కుళాయి నీళ్లతో.

మరి దేనికి కొనాలంటే, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూడ్డానికి. మా ప్లాంట్ క్యాన్ మామూలుగా నలభై దగ్గర ఉంటుంది. ఒక వేసవిలో 60, తర్వాత 110, ఆ తర్వాత 230 అయింది. రుచిలో నాకేమీ తెలియలేదు. అడిగితే ప్లాంట్ అబ్బాయి ముందు "మీ మీటరు తప్పు అక్కా" అన్నాడు. అక్కడే వాళ్ల మీటరు పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే చెప్పాయి. పొర పాడైంది, మార్చాక మళ్లీ నలభైకి దిగింది. ఇంట్లో ఆర్వో ఉన్నవాళ్లు లోపలికి పోయే నీళ్లు, బయటికి వచ్చే నీళ్లు రెండూ కొలిచి గోడ మీద రాసుకోండి. సర్వీసు వాడు ఫోన్ చేసి పొర మార్చాలి మేడమ్ అన్నప్పుడు నిజంగా మార్చాలో లేదో ఆ రెండు అంకెలే చెప్తాయి. ఈ ఒక్క పనికే మూడొందలు తిరిగొచ్చేస్తాయి.

లోపాలు. వెయ్యి దాటితే స్క్రీన్ మీద మూలన ఎక్స్10 అని చిన్న గుర్తు మినుకుమినుకుమంటుంది, పెద్దగా కనిపించేది మూడంకెలే. మా బోరు 1480 అయితే తెర మీద కనపడేది 148. పక్కింటి అక్క వాళ్ల బోరు కొలుచుకుని 156 అని సంబరపడి క్యాన్ మానేద్దామనుకుంది, కళ్లజోడు పెట్టుకుని చూస్తే 1560. పెద్దవాళ్లు వాడే వస్తువుకి ఇలాంటి గుర్తు పెట్టడం దారుణం. మూత వదులు. బటన్ సెల్స్ బలహీనపడితే ముందు అంకెలు మసకబారతాయి. కొలిచిన ప్రతిసారీ పుల్లల్ని క్యాన్ నీళ్లతో కడిగి విదిలించకపోతే తర్వాతి గ్లాసుకి పాత ఉప్పు అంటుకుని అంకె పెరుగుతుంది. వెనక చిన్న స్క్రూ ఉంటుంది, 342 పీపీఎం (అంటే లీటరుకి 342 మిల్లీగ్రాముల) ద్రావణం తెచ్చుకుని దాన్ని తిప్పి సరిచేసుకోవచ్చు. ఊరికే సరదాకి మాత్రం దాన్ని కదపొద్దు.

నాలుగు స్టార్లు ఇస్తున్నా, సరిగ్గా వాడుకునేవాళ్ల కోసం. క్రిముల భయం ఉంటే దీంతోపాటు హెచ్‌టుఎస్ సీసాలు తెచ్చుకోండి. గ్వాలియర్ రక్షణ పరిశోధన సంస్థ వాళ్లు 1982లో బయటపెట్టిన పద్ధతి అది. గీత దాకా నీళ్లు పోసి, మూత పెట్టి, వెచ్చగా ఉండేచోట ఒకటి రెండు రోజులు ఉంచితే చాలు. నీళ్లు నల్లబడితే అందులో మలం కలిసిందని అనుమానించాలి, మరగబెట్టకుండా తాగొద్దు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లవాళ్లు మాత్రం రెండూ పక్కన పెట్టి నేరుగా ల్యాబ్‌కి పట్టుకెళ్లండి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో.