బెజవాడ ఎండలో, తక్కువ బడ్జెట్‌లో 1.3 ఎస్టీమ్‌కి జీటీ1544 టర్బో: కొన్నేళ్ళ వాడకం తర్వాత

తీర్పు ముందే చెప్పేస్తాను. 1.3 లీటర్ల పాత పెట్రోల్ ఇంజిన్, లోపల పిస్టన్లు కంపెనీవే, జేబులో డబ్బులు అంతంతమాత్రం, బండి రోజూ ఊళ్ళో తిరగాలి అంటే గారెట్ కంపెనీ జీటీ1544 టర్బో (ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) సైజు దాటి వెళ్ళకండి. మా మారుతి ఎస్టీమ్ వీఎక్స్ఐలో కొన్నేళ్ళుగా ఇదే నడుస్తోంది. పొద్దున పటమట నుంచి మంగళగిరి, సాయంత్రం తిరుగు ప్రయాణం, అప్పుడప్పుడు గుంటూరు, ఏడాదికోసారైనా దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్. ఇందులో నచ్చనివి కూడా ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

ఆటోనగర్‌లో టర్బో గురించి ఎవరినడిగినా రెండే సలహాలు వస్తాయి. ఒకటి, "స్విఫ్ట్ డీజిల్ది పెట్టెయ్యండి, మార్కెట్లో ఎక్కడైనా దొరుకుతుంది". రెండోది మా మేస్త్రి గారిది: "పెట్టేదేదో కాస్త పెద్దదే పెట్టండి బాబూ, రేపు బూస్ట్ పెంచుకోవాలనిపిస్తే మళ్ళీ మార్చే పని ఉండదు". బూస్ట్ అంటే టర్బో గాలిని నొక్కే ఒత్తిడి. రేపటి సంగతి తర్వాత, ముందు రేపొద్దున బెంజ్ సర్కిల్ దాటాలి కదా అన్నాను. రెండు సలహాలూ ఎందుకు పక్కన పెట్టానో తెలియాలంటే కొంచెం లెక్క చూడాలి. కష్టమైన లెక్కేం కాదు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

ఎస్టీమ్ ఇంజిన్ 1298 సీసీ. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి ఆ 1298 సీసీ గాలి లోపలికి పోతుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి సుమారు 3900 లీటర్లు. అంతా నిండదు, ఇలాంటి పాత ఇంజిన్‌కి 85 శాతం అనుకుంటే 3300 లీటర్లు. 40 డిగ్రీల ఎండలో ఘనపు మీటరు గాలి 1.13 కేజీలు తూగుతుంది. అంటే నిమిషానికి 3.7 కేజీలు, పౌండ్లలో 8.2. టర్బో కంపెనీల కంప్రెసర్ మ్యాపులు (టర్బోలో గాలిని నొక్కే భాగం ఎంత గాలిని ఎంత ఎఫిషియెన్సీతో ఇస్తుందో చూపే గ్రాఫులు) ఎక్కువగా పౌండ్లలోనే ఉంటాయి కాబట్టి పౌండ్లు చెబుతున్నాను. పెట్రోల్ ఇంజిన్‌కి నిమిషానికి ఒక పౌండ్ గాలి అంటే పది హార్స్‌పవర్ అని ఒక మోటు లెక్క ఉంది. ఎస్టీమ్‌కి కంపెనీ చెప్పింది 85, మన లెక్కలో 82 వచ్చింది. పరవాలేదు.

ఇప్పుడు అర బార్ బూస్ట్ (వాతావరణ పీడనానికి పైన ఇంకో సగం) వేద్దాం. కంపెనీ పిస్టన్లతో అంతకు మించి నేను వెళ్ళను. నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెట్టినా గాలి కొంత వేడిగానే వస్తుంది కాబట్టి 8.2 కాస్తా పదకొండున్నర అవుతుంది. అంటే 115 హార్స్‌పవర్ దరిదాపు. నాకు కావలసిన టర్బో ఇక్కడే తేలిపోయింది. పదకొండున్నర పౌండ్లను హాయిగా, మ్యాప్‌లో మధ్యనుండే మంచి ఎఫిషియెన్సీ ప్రాంతంలో ఇవ్వగలిగేది కావాలి. ఇరవై ఇచ్చేది అక్కర్లేదు, తొమ్మిదికే ఆయాసపడేదీ వద్దు.

స్విఫ్ట్ డీజిల్‌లో వచ్చేది బోర్గ్‌వార్నర్ కేపీ35. అదీ 1.3, ఇదీ 1.3, సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఆ డీజిల్ ఇంజిన్ 75 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే) ఇచ్చేది 4000 ఆర్‌పీఎం దగ్గర, ఆ తర్వాత పెద్దగా తిరగదు. మనది 6000 దాకా తిరుగుతుంది. సీసీ ఒకటే అయినా పైన కావలసిన గాలి ఒకటి కాదు. కేపీ35 పెడితే రెండు వేల లోపే బూస్ట్ వచ్చేస్తుంది, పికప్ భలేగా ఉంటుంది, కానీ నాలుగున్నర వేలు దాటాక గొంతు నొక్కినట్టు అవుతుంది. ఎగ్జాస్ట్ బయటికి పోలేక వెనక్కి ఒత్తుతుంది, వేడి వాయువు సిలిండర్‌లోనే కొంత మిగిలిపోతుంది, నాకింగ్ (ఇంధనం అదుపు లేకుండా తనంతట తానే పేలడం) మొదలవుతుంది. ఇది చాలదన్నట్టు పెట్రోల్ ఎగ్జాస్ట్ వేడి 950 డిగ్రీల దాకా పోతుంది. డీజిల్ టర్బో హౌసింగ్‌ని అంత వేడికి చెయ్యరు, వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే తలుపు) రంధ్రం దగ్గర పగుళ్ళు వస్తాయి. కదిలే రెక్కలున్న వీజీటీ డీజిల్ టర్బో గురించి కూడా ఒకరిద్దరు అడిగారు. పెట్రోల్ వేడికి ఆ రెక్కలు పట్టేస్తాయి. అలాంటి టర్బోని పెట్రోల్ కారులో నిలబెట్టడానికి పోర్షే, బోర్గ్‌వార్నర్ కలిసి ప్రత్యేకమైన లోహాలు వాడి 2006లో 911 టర్బోలో తెచ్చాయి. ఆటోనగర్‌లో మనం చేసే పని కాదది.

రెండో సలహా, పెద్దది, మా బామ్మర్ది గుంటూరులో అచ్చంగా అమలు చేశాడు. అదే ఎస్టీమ్, దానికి మిత్సుబిషి టీడీ04. ఆ కుటుంబంలోదే ఒక రకం రెండు లీటర్ల సుబారు డబ్ల్యూఆర్ఎక్స్‌కి కంపెనీవాళ్ళే పెట్టారు, దాన్నిబట్టే సైజు అర్థమవుతుంది. ఆ బండి నేను చాలాసార్లు నడిపాను. నాలుగు వేల దాకా ఏమీ జరగదు. నిజానికి మామూలు ఎస్టీమ్ కంటే మందంగా ఉంటుంది, ఎందుకంటే ఎగ్జాస్ట్ దారిలో ఆ ఇనపముద్ద అడ్డం ఉంది, నాకింగ్ భయంతో ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా వెనక్కి తీసి ఉంది. అరండల్‌పేటలో రెండో గేరులో ఆటో వెనక నడుస్తుంటే, "బావా, నాలుగు వేలు దాటనియ్, అప్పుడు చెబుతా" అంటాడు. అరండల్‌పేటలో నాలుగు వేలు ఎప్పుడు దాటతాం? ఒక్కసారి దాటాక మాత్రం, నిజం చెప్పొద్దూ, తోపు అదిరిపోతుంది. అయితే అప్పటికి గేరు మార్చే టైమ్ వచ్చేస్తుంది.

జీటీ1544 పేరులోనే సగం వివరం ఉంది. 15 టర్బైన్ (ఎగ్జాస్ట్‌తో తిరిగే చక్రం) ఫ్రేమ్ సైజు, 44 కంప్రెసర్ చక్రం బయటి వ్యాసం మిల్లీమీటర్లలో, కచ్చితంగా చెప్పాలంటే 43.9. గాలి పీల్చే వైపు వ్యాసం 32.9. చిన్నదాన్ని పెద్దదానితో భాగించి, వర్గం చేసి, వందతో గుణిస్తే 56 వస్తుంది, దాన్నే ట్రిమ్ అంటారు. గారెట్ కేటలాగ్‌లో దీన్ని 1.0 నుంచి 1.6 లీటర్ల ఇంజిన్లకు, 100 నుంచి 150 హార్స్‌పవర్‌కి అని రాశారు. మన 115 ఆ మధ్యలో పడుతుంది. ఇక ఏ/ఆర్ అనేది టర్బైన్ హౌసింగ్ గొంతు ఎంత ఇరుకో చెప్పే అంకె. పైపు చివర వేలు అడ్డం పెడితే నీళ్ళు జోరుగా చిమ్ముతాయి చూడండి, అంకె తగ్గేకొద్దీ అదే జరుగుతుంది. చక్రం త్వరగా అందుకుంటుంది, పైన మాత్రం దారి చాలదు.

ఇక నడక. నా బండిలో 2300 దగ్గర గేజి ముల్లు కదలడం మొదలవుతుంది, 2800కి పూర్తి బూస్ట్. బందరు రోడ్డులో బస్సు వెనక రెండో గేరులో పోతూ సందు దొరికినప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే గేరు తగ్గించకుండానే లాగుతుంది. ఐదో గేరులో 100 మీద ఇంజిన్ దాదాపు 3000 తిరుగుతుంది కాబట్టి కాజ టోల్‌గేట్ దాటాక లారీని ఓవర్‌టేక్ చెయ్యడానికి ఎదురుచూపు లేదు. ఈ సైజు ఎందుకు తీసుకున్నానో నాకు రోజూ గుర్తుచేసేది ఆ 2500-4500 మధ్య భాగమే. రోజువారీ డ్రైవింగ్ అంతా అక్కడే జరుగుతుంది. 5500 దాటాక ఊపిరి తగ్గుతుంది, అది నిజం. నేను అక్కడికి వెళ్ళేది ఘాట్ రోడ్డులో రెండో గేరులో, అదీ అరుదుగా.

ఎండ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే టర్బో సైజుల మీద మనం చదివేదంతా చల్లటి దేశాలవాళ్ళు రాసింది. మే నెలలో బయట 45 డిగ్రీలు అనుకోండి. అర బార్‌కి గాలిని నొక్కితే, కంప్రెసర్ 70 శాతం ఎఫిషియెన్సీతో పనిచేస్తున్నా బయటికొచ్చే గాలి 100 డిగ్రీలు ఉంటుంది. చిన్న టర్బోని దాని హద్దు దాటించి 60 శాతానికి పడేస్తే 110. అంతా పోయి ఇంటర్‌కూలర్ మీద పడుతుంది, దానికి ఎదురొచ్చే గాలి కూడా 45 డిగ్రీలదే, పైగా ముందు ఏసీ కండెన్సర్ వేడి. అందుకే ఇక్కడ మ్యాప్‌లో మధ్య ప్రాంతం చలి దేశాల్లోకంటే ఎక్కువ ముఖ్యం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నేను బూస్ట్ 0.4కి తగ్గించి, టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి ఉన్న ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్ వాడతాను. పికప్ తేడా తెలుస్తుంది కానీ బాధపడేంత కాదు. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోల్ వచ్చాక నాకింగ్ కొంచెం నెమ్మదించింది, ఇథనాల్‌కి ఆ గుణం ఉంది. అయితే ఇంధనం ఎక్కువ పొయ్యాలి కాబట్టి ట్యూనింగ్ మళ్ళీ చేయించాల్సి వచ్చింది, పాత రబ్బరు పైపులన్నీ మార్చాల్సి వచ్చింది. మైలేజీ సంగతి అడక్కండి.

నచ్చనివాటిలో మొదటిది బూస్ట్ క్రీప్. చిన్న టర్బోకి వేస్ట్‌గేట్ రంధ్రం కూడా చిన్నదే. వెనక సైలెన్సర్ పైపు లావుది వేశాక, డిసెంబరు రాత్రి చల్లగాలికి హైవే మీద 0.5 దగ్గర ఆగాల్సిన ముల్లు 0.6 దాటి పాకేది. హౌసింగ్ విప్పించి రంధ్రాన్ని గ్రైండింగ్ చేయించి వెడల్పు చేశాక ఆగింది. రెండోది మేనిఫోల్డ్, అంటే ఇంజిన్ నుంచి టర్బోకి ఎగ్జాస్ట్ తెచ్చే పైపు. ఒక షాపులో పల్చటి పైపు ముక్కలతో వెల్డింగ్ చేసి ఇచ్చారు, టర్బో బరువంతా దానిమీదే వేలాడింది, మొదటి ఎండాకాలంలోనే అతుకు దగ్గర చీలింది. డబ్బు వెనక్కి అడిగితే "మీరు గట్టిగా తోలారు" అన్నారు. ఇప్పుడున్నది మందపాటి స్టీమ్ పైపుతో చేసింది, టర్బోకి ఇంజిన్ బ్లాక్ నుంచి ఒక ఊతం కూడా ఉంది. మూడోది, దీనికి నీళ్ళ కూలింగ్ లేదు, ఆయిలే దిక్కు. హైవే దిగి వచ్చాక ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచి ఆపాలి, లేకపోతే లోపల ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఆయిల్ వెనక్కి దిగే పైపు మాత్రం లావుగా, వంపులు లేకుండా, సంపులో ఆయిల్ మట్టానికి పైన కలిసేలా ఉండాలి. అక్కడ కక్కుర్తి పడితే సీళ్ళు బాగున్నా పొగ వస్తుంది, టర్బో పోయిందనుకుని కొత్తది కొంటారు. సింథటిక్ ఆయిల్, ఐదు వేల కిలోమీటర్లకు మార్పు. ఈ ఖర్చు ముందే లెక్కేసుకోండి.

కొనేటప్పుడు జేబులో వెర్నియర్ పెట్టుకుని వెళ్ళండి. జీటీ1544 అని ప్లేటు కొట్టిన నకిలీలు చాలా తిరుగుతున్నాయి. నాకు మొదట చూపించిన దాంట్లో పీల్చే వైపు వ్యాసం 32.9 కాదు కదా, దగ్గరలో కూడా లేదు. ప్లేటు మాత్రం తళతళలాడుతోంది. తర్వాత కంప్రెసర్ నట్టు పట్టుకుని షాఫ్టుని ముందుకీ వెనక్కీ లాగండి. అటు ఇటు పక్కకి కొంచెం కదలడం ఈ రకం బేరింగుల్లో మామూలే, ముందు వెనక కదలిక మాత్రం చేతికి తెలియకూడదు. చక్రం అంచులు హౌసింగ్‌కి రాసుకున్న గీతలున్నాయేమో టార్చి వేసి చూడండి. వేడి వైపు లోపల తడి నల్లగా ఉంటే ఆయిల్ కారుతున్నట్టే. సెకండ్ హ్యాండ్‌లో కొని, షాఫ్టు, బేరింగులు ఉండే మధ్య కార్ట్రిడ్జ్ కొత్తది వేయించుకోవడం నాకు నచ్చిన దారి. పైగా టర్బో ధర మొత్తం ఖర్చులో సగం కూడా కాదు. ఇంజెక్టర్లు, పిగ్గీబ్యాక్ ఈసీయూ (కంపెనీ ఇంజిన్ కంప్యూటర్‌కి జోడించేది), వైడ్‌బ్యాండ్ గేజి (గాలి, పెట్రోల్ పాళ్ళు చూపేది), ఇంటర్‌కూలర్, పైపులు, ట్యూనింగ్ కలిపితే అదే పెద్ద బిల్లు. టర్బో సైజు పెరిగితే ఇవన్నీ పెరుగుతాయి, క్లచ్చుతో సహా. మా బామ్మర్ది క్లచ్చు ప్లేట్లకు పెట్టిన డబ్బుతో నా ఇంటర్‌కూలర్, పైపులు వచ్చేసేవి.

కాగితాల సంగతి: కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. పనికి దిగకముందే రవాణా శాఖ ఆఫీసులో కనుక్కోండి. ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పకుండా తిరిగితే క్లెయిమ్ మీద ఆశ వదులుకోవాలి.

పాత 1.6 బలేనో సెడాన్ ఉన్నవాళ్ళు ఇదే లెక్క 1590 సీసీతో వేసుకోండి. అర బార్‌కే పద్నాలుగు పౌండ్లు వస్తుంది. అది 1544కి అంచు. దానికి అదే కుటుంబంలోని జీటీ1548 చూడండి, చక్రం 48 మిల్లీమీటర్లది, కేటలాగ్‌లో 200 హార్స్‌పవర్ దాకా రాశారు. బూస్ట్ రావడం కాస్త ఆలస్యమైనా 1.6కి కింద సొంత బలం ఉంది కాబట్టి ఊళ్ళో ఇబ్బంది పెట్టదు.